నేను చదవక వదిలిన ఐదు పంక్తులు

గత గురువారం ఉదయం మా పొరుగింటి ఇంజనీరుగారు కన్నుమూశారు. గోడకు అవతలి నుంచి ఆయన ఇల్లాలు "మాస్టారూ" అని ఒక్క పిలుపు పిలిచారు. ఇన్నేళ్లుగా ఆ గోడ మీదుగా నన్ను అలా పిలిచినది ఆయనే. ఆవిడ ఏనాడూ పిలిచి ఎరగరు. ఆ గొంతు వినగానే సంగతి తెలిసిపోయింది. దవాఖానకు తీసుకుపోవడానికి తెప్పించిన కారు వాకిట్లో అలాగే నిలబడి ఉంది. దానితో ఇక పని లేకపోయింది.

ఆయన గోదావరి దిగువ మాగాణుల నుంచి వచ్చినవారు. నేను చందానగర్ బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. పడమటి కనుమలలో ఆనకట్ట చెంత భూమి కంపించి ఊళ్లు కూలిన మరుసటి సంవత్సరం ఆయన మా పక్క వాటాలో కిరాయికి దిగారు. ఏమి ఉద్యోగమని అడిగితే, "భూకంపాలండి" అన్నారు. హాస్యమనుకొని నవ్వాను. ఆయన నవ్వలేదు.

తరువాత విడమరచి చెప్పారు. సముద్రతీరాన ఒకచోట అణువిద్యుత్ కేంద్రం కట్టాలని తలపెట్టారు. ఆ నేల పూర్వం ఎప్పుడైనా కంపించిందా, కంపిస్తే ఎంత గట్టిగా కంపించింది, అంతటి కుదుపు మళ్లీ వస్తే గోడలూ గొట్టాలూ నిలుస్తాయా అన్నది తేల్చడం ఆయన పని.

"కుదుపు రాగానే కేంద్రాన్ని ఆపేస్తారు కదా?" అన్నాను.

"పొయ్యి ఆర్పినంత మాత్రాన కుండ చల్లారదు కదండీ. చల్లారేదాకా నీళ్లు పోస్తూనే ఉండాలి. ఆ నీళ్ల గొట్టం విరగకూడదు. నా బతుకంతా ఆ గొట్టం కోసమేనండి."

ఆయనకొక అలవాటు. సాయంకాలం అరుగు మీద గాజుగ్లాసు అంచుదాకా నీళ్లతో నింపి పెట్టేవారు. బొంబాయి రోడ్డు మీద లారీ పోతే ఆ నీరు సన్నగా వణికేది. "కదిలిందా అని కాదు మాస్టారూ, ఎంతసేపటికి నిలిచిందో చూడాలి" అనేవారు. నిలిచాకే తాగేవారు.

ఆదివారాలు ఇద్దరమూ సైకిళ్ల మీద మాదాపూర్ గుట్టల వైపు పోయేవాళ్లం. అక్కడ ఒక గుండు మీద మరొక గుండు, చిటికెనవేలితో తోస్తే పడిపోతుందేమో అన్నట్టు నిలబడి ఉంటుంది. దాని చుట్టూ తిరుగుతూ, వంగి అడుగుభాగం చూస్తూ ఆయన గంటలు గడిపేవారు. దాపున రాళ్లు కొట్టుకునే ముసలాయన ఒకనాడు ఉలి ఆపి అడిగాడు.

"ఏంది సారూ, ఆదివారమొస్తే గీ గుండుకాడికే ఉరుకుతవ్. నీకు చుట్టమైతదా ఏంది?"

"సాక్షి అండి. నేల గట్టిగా ఊగి ఉంటే ఇది ఏనాడో దొర్లేది. ఇన్ని వేల ఏళ్లు ఇక్కడ అంతటి కుదుపు రాలేదని సాక్ష్యం చెబుతోంది."

"జర నన్నడిగితే నేనే చెప్తుంటి గదా! మా తాతల తాత పుట్టకముందుకెల్లి గట్లనే ఉన్నది. నువ్వు ఫికర్ జెయ్యకు. నువ్వు బోయినంక గూడ ఉంటది."

ఇంజనీరుగారు కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వారు. తిరిగి వస్తూ మాత్రం, "ఆ సముద్రతీరంలో ఇలాంటి గుండ్లు లేవండి. అంతా ఇసుక. అక్కడ సాక్ష్యం చెప్పగలిగినవి పాత రాతలే. అవి మీరు చదివిపెట్టాలి" అన్నారు.

అలా ఆ చుట్టుపక్కల ఊళ్ల గుడి శాసనాల నకళ్లు ఒక కట్టగా నా చేతికి వచ్చాయి. నా చదువు ఒకరికి పనికివస్తున్నదన్న గర్వంతో చదివాను. ఒక శాసనంలో పద్యం ఉంది: రాజు దండు కదలగా నేల వణికెనని. ఇంజనీరుగారు ఎర్ర పెన్సిలు పట్టుకొని ఆత్రంగా ముందుకు వంగారు.

"పద్యంలో భూమి వణికితే నమ్మచ్చా అండీ?"

"నమ్మకండి. ఏనుగులు కదిలితే ప్రతి కావ్యంలోనూ భూమి వణుకుతుంది. ఆదిశేషుడికి మెడ నొప్పి పుట్టించని దండయాత్ర మన భాషలో ఒక్కటీ లేదు. అది అలంకారం. కొట్టివేయండి."

ఆయన నవ్వి కొట్టివేశారు. ఆ పద్యం కింద ఐదు పంక్తుల వచనం ఉంది. నేను చదవలేదు. నిండా అక్షరదోషాలు; పల్లె కరణం ఎవరో ముతకగా రాసిన రాత. దానపత్రాల వచనంలో చదవదగినది ఏముంటుందని నా అహంకారం. పద్యం రుచి మరిగినవాడికే ఇటువంటి పొరపాటు సాధ్యం.

ఏడాది గడిచింది. ఆయన లెక్క పూర్తిచేసి, సంతకం పెట్టి నివేదిక పంపారు. ఒకనాడు నకళ్లు తిరిగి ఇచ్చివేద్దామని సర్దుతూ ఊరకే ఆ ఐదు పంక్తుల మీద చూపు నిలిపాను. భూమి అదిరి గుడి ప్రాకారం తూర్పువైపు పడిపోయిందట. ఊరబావి నీరు మూడు దినాలు బురదగా ఉందట. పడిన గోడ తిరిగి ఎత్తడానికి ఒక రైతు జత ఎద్దులను ఇచ్చాడట. రాజును పొగడడం కోసం ఎవరూ బావినీటిని బురద చేయరు. పద్యంలో వణికినట్టున్న నేల నిజంగానే వణికింది.

వెంటనే గోడ దగ్గరికి వెళ్లి పిలవవలసింది. పిలవలేదు. నలభై రోజులు ఆ కాగితాన్ని పెట్టెలో దాచుకున్నాను. ఒక్కమాట చెప్పడానికి అన్ని దినాలు పట్టింది, పండితుణ్ణనే పేరు అడ్డం వచ్చి. చివరకు ఒక సాయంకాలం అరుగు మీద, నకళ్ల కట్టతో సహా, ఆయన చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివారు.

"ఎప్పుడు చూశారండీ?"

"నలభై రోజులైంది."

"నలభై రోజులా మాస్టారూ?"

ఆయన నన్ను అన్న నిష్ఠురమంతా అదే. ఆ తరువాత ఏనాడూ ఆ ప్రస్తావన తేలేదు. అంతకంటె రెండు తిట్లు తిట్టి ఉంటే ఈరోజు నాకు కొంత తేలికగా ఉండేది.

లెక్కల కాగితాలు మళ్లీ ముందు వేసుకున్నారు. తాను వేసిన అంకె తక్కువని తేలింది. మరునాడు ఆఫీసుకు వెళ్లి, నా లెక్క తప్పు, గొట్టాల కింది గోడలు ఇంకా దళసరిగా ఉండాలి, నివేదిక తిరిగి చూడండని తన సంతకంతో రాసి ఇచ్చారు. "ఒక తెలుగు పంతులు చెప్పాడని పునాదులు ఆపమంటావా?" అని పైవారు ఎకసెక్కెమాడారట. "పంతులుగారి తప్పేమీ లేదు. కింద ఏముందో అడగకుండా సంతకం పెట్టినవాణ్ణి నేను" అన్నారట ఈయన. ఈ మాట ఆయన నాకు చెప్పలేదు. మొన్న పరామర్శకు వచ్చిన ఆయన సహోద్యోగి చెబితే విన్నాను.

ఆయనను ఆ పని నుంచి తప్పించి సిమెంటు గోదాము కాగితాలు చూడమన్నారు. చూశారు. సాయంకాలం టపా మనిషి పోతుంటే మాత్రం అరుగు దిగి గేటు దాకా వెళ్లేవారు. తన విన్నపానికి జవాబు వస్తుందేమోనని. ఏళ్లు గడిచాయి. రాలేదు.

పోయే ముందు మంగళవారం మంచం దగ్గర కూర్చున్నాను. గుండె బలహీనపడింది, మాట కూడబలుక్కుంటున్నారు.

"ఉత్తరం వచ్చిందా అండీ?"

"ఇంకా లేదండీ."

"ఉత్తరం నాకోసం, గోడ అక్కడివాళ్లకోసం. రెంటిలో ఒకటే దక్కేటట్టయితే గోడే దక్కాలండి."

ఎంత చదివినా ఇంతటి మాట నా నోట రాలేదు.

ఆదివారం ఒక్కడినే మాదాపూర్ పోయి రాళ్లు కొట్టే ముసలాయనతో చెప్పాను. "పోయిండా?" అని ఉలి కింద పెట్టాడు. ఆ గుండు వైపు చూశాడు. "'నువ్వు బోయినంక గూడ ఉంటది' అన్నది నవ్వులాటకు అన్న మాట సారూ. గట్ల అనకపోదును" అన్నాడు.

ఆవిడ నిన్న నకళ్ల కట్టను నాకు ఇచ్చారు. "మిగతా శాసనాలు కూడా మళ్లీ మిమ్మల్నే చదవమన్నారండి" అన్నారు. నా తప్పు తెలిసి కూడా నన్నే చదవమన్నారు. చదువుతున్నాను, పద్యాలు విడిచి ముందు వచనం. దీన్ని చదివే పెద్దలకొక మనవి: మీ ఊరి గుడిగోడ మీద, పాత కాగితంలో, నేల అదిరిందని ఎవరైనా ముతకగా రాసి ఉంటే పారవేయకండి. ఎవరికైనా చదివి వినిపించండి.

ఆయన పడుకున్నచోట దీపం పెట్టి, పక్కన గ్లాసుతో నీళ్లు ఉంచారు. ఆయన సాయంకాలపు గాజుగ్లాసే. అంచుదాకా నింపారు. అలవాటు కాబోలు. నేను ఎదురుగా కూర్చుని ఉండగా బొంబాయి రోడ్డు మీద లారీ పోయింది. నీరు వణికింది. దానిలో దీపం వణికింది. అది నిలిచేదాకా చూద్దామని కూర్చున్నాను. నిలవబోతూ ఉండగా మరో లారీ వచ్చింది.