మావయ్య భుజానికి బిగించిన రిగ్గు

మావయ్య పోయారన్న కబురు నాకు బాపట్లలో అందింది. ఓణీల ఫంక్షన్ జరుగుతున్న ఇంటి వరండాలో కూర్చుని కెమెరాకు లైటు బిగిస్తున్నాను. అత్త ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ మావయ్య లేవట్లేదే. కాఫీ చల్లారిపోయింది," అంది. నిద్రలోనే పోయారని ఆవిడకు అప్పటికే తెలుసు. కాఫీ గురించి చెప్పడం తేలికనిపించి ఉంటుంది. షూటింగ్ తోటివాళ్ళకు అప్పజెప్పి తెనాలి బస్సెక్కాను.

తెనాలి చుట్టుపక్కల మీ ఇంట్లో పెళ్ళో పేరంటమో జరిగి ఉంటే మావయ్య వచ్చే ఉంటారు. మొహం మాత్రం మీకు గుర్తుండదు, వీడియో తీసేవాడి మొహం ఎవరు చూస్తారు? ఆయన మా అమ్మ తమ్ముడు. ఈ రోజు నేను నా కాళ్ళ మీద నిలబడి ఉన్నానంటే ఆయన నేర్పిన పని వల్లే. ఆడపిల్లకు ఈ బరువులెందుకురా అని అమ్మ గొణిగితే, "పిల్లని చంకనేసుకుని నువ్వు వంట చెయ్యలేదా అక్కా? ఇదీ అంతే," అన్నారు. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రిగ్గంటే మరేం కాదు. కెమెరా చుట్టూ ఒక చట్రం, భుజాన ఆనించుకోవడానికి ఒక మెత్త, ముందు రెండు చేతిపిడులు. మైకూ లైటూ, తీస్తున్నది చూసుకునే చిన్న తెర మానిటరూ అన్నీ ఆ చట్రానికే తగిలిస్తాం. కొత్తలో నేను దొరికినవన్నీ ముందువైపే బిగించేసి, తూలుకుంటూ నడిచేదాన్ని. మావయ్య పగలబడి నవ్వేవారు. "బ్యాటరీ వెనక్కి పెట్టమ్మా. ముందెంత బరువుందో వెనకా అంతే ఉంటే భుజానికి తెలియనే తెలియదు," అని చూపించారు. మైకు అన్నిటికన్నా ఆఖరున ఎక్కాలి. అది ఎక్కాక మాలో ఎవరం అనవసరంగా నోరు విప్పకూడదు. "ఇంక అది వింటుంది," అనేవారు, చట్రంలో ఎవరో పెద్దాయన కూర్చున్నట్టు.

ప్రతి స్క్రూ మీంచి చట్రం మీదికి అత్త గోళ్ళరంగుతో ఒక ఎర్రగీత గీసేవారు. ప్రయాణంలో స్క్రూ కదిలితే గీత రెండు ముక్కలవుతుంది, చూడగానే తెలిసిపోతుంది. పండక్కని కొనుక్కున్న సీసా క్రిస్మస్ రాకముందే ఖాళీ అయిందని అత్త సాధించేది. "నీ గోళ్ళకన్నా దానికే బాగా నప్పిందే," అని తప్పించుకునేవారు.

మా వాళ్ళలో భూస్థాపనకు కూడా వీడియో తీయించడం అలవాటు, రాలేనివాళ్ళు చూసుకుంటారని. బయటివాళ్ళను పిలుద్దామని పెద్దలన్నారు. అత్త ఒప్పుకోలేదు. "అందరి ఇళ్ళకీ వెళ్ళి తీసిన మనిషిని ఎవరో వచ్చి తీయడమేంటి? నువ్వే తియ్యి. ఆయన రిగ్గుతోనే తియ్యి," అంది.

ఎత్తుకున్నాను. ఆయన పొడగరి. పిడులు ఆయన చేతులకు, మెత్త ఆయన భుజానికి తగ్గట్టు బిగించి ఉన్నాయి. నాకు సరిపోవాలంటే స్క్రూలు వదులు చెయ్యాలి. స్క్రూలో అలెన్ కీ పెట్టాను గానీ తిప్పడానికి చెయ్యి రాలేదు. ఎర్రగీతలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆయన ఆఖరిసారి బిగించిన బిగింపు అది. మోచేతులు పైకెత్తి, ఆయన పట్టుకున్న చోటే పట్టుకుని, పాస్టరు గారి ప్రార్థన నుంచి మట్టి వేసేదాకా అలాగే తీశాను. వెనకనుంచి ఎవరో నా చేతులు పట్టుకుని నడిపిస్తున్నట్టు అనిపించింది. నిజం చెప్పొద్దూ, భయం వేసింది. అయినా దించబుద్ధి కాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అత్త ఆ వీడియో చూస్తానంది. చూస్తూ చూస్తూ, "ఆపు. ఇదుగో మీ మావయ్య," అంది. సమాధి దగ్గర అందరూ మౌనంగా ఉన్నప్పుడు కెమెరా వెనక ఊపిరి వినిపిస్తోంది, బిగబట్టి బిగబట్టి ఒక్కసారిగా వదిలినట్టు. కెమెరా కదలకూడదని మావయ్య అలాగే ఊపిరి బిగబట్టి తీసేవారు. పెళ్ళి వీడియోల్లో పైన పాట వేస్తాం గనక మీకు వినపడదు. పాట తీసేస్తే ప్రతి పెళ్ళిలోనూ ఆ ఊపిరి ఉంటుంది.

"అది నాదే అత్తా. ఆయన దగ్గరే కదా నేర్చుకుంది," అన్నాను.

ఆవిడ నమ్మలేదు. నాకూ గట్టిగా చెప్పబుద్ధి కాలేదు.

"సరే, ఊపిరి కాదే, మనిషిని చూపించు. ఇన్ని పెళ్ళిళ్ళు తీశారు. ఒక్కదాంట్లో అయినా నడుస్తూనో నవ్వుతూనో ఉండరా?"

ఇంట్లో ఫోటోలున్నాయి. కదిలే మావయ్య మాత్రం ఎక్కడా లేరు. హార్డ్ డిస్కులు ముందేసుకుని రోజుల తరబడి ఎవరెవరి పెళ్ళిళ్ళో చూశాను. అన్నిట్లోనూ ఆ ఊపిరే, "కొంచెం ఇటు చూడండమ్మా" అనే ఆ గొంతే. ఒక్కోసారి నన్నే అంటున్నారనుకుని తల తిప్పేదాన్ని.

చివరికి రేపల్లె పెళ్ళి ఒకటి దొరికింది. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్న గది, బీరువాకు నిలువుటద్దం. కెమెరా అటు తిరిగేసరికి అద్దంలో మావయ్య, భుజాన రిగ్గుతో. పెళ్ళికూతురు ఏదో అన్నట్టుంది, ఒళ్ళంతా కదిలేలా నవ్వుతున్నారు. కేకేసి అత్తను పిలిచాను. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చి తెర ముందు కూర్చుంది.

మెడనొప్పి మొదలయ్యాక మానిటర్ని కళ్ళకు ఎదురుగా బిగించుకునేవారాయన. అద్దంలో దాని వీపు నల్లగా, సరిగ్గా మొహానికి అడ్డంగా ఉంది. చొక్కా తెలుస్తోంది, భుజాలు తెలుస్తున్నాయి. మొహం లేదు.

అత్త కాసేపు అటు వంగి, ఇటు వంగి చూసింది. తర్వాత తెర మీద ఆ నల్లటి ముక్క మీద వేలు పెట్టి, "అమ్మాయ్, దీన్ని కొంచెం పక్కకి జరపవే," అంది.