ముక్కున్న లారీ

పెళ్లైన ఏడాది మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటి వెనక భాగం కిరాయికి తీసుకున్నాం. మాది గుంటూరు వైపు. మా ఆయనకి నగరంలో గుమాస్తా ఉద్యోగం. పొద్దున్నే బస్సెక్కి వెళ్తే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. ఎనభైల్లో ఆ వైపంతా ఇళ్లు లేస్తుండేవి. మా సందు మొదలుకొని ఎల్బీనగర్ దాకా ఎక్కడ చూసినా కంకర కుప్పలు, ఇసుక కుప్పలు, నీళ్లు పట్టిన కొత్త గోడలు. అంత సందడిలోనూ నాకు పలకరించే మనుషులంటే ఇంటి యజమానులైన భార్యాభర్తలే. ఆయన్ని పెదనాన్నగారనీ, ఆవిణ్ణి పెద్దమ్మ అనీ పిలిచేదాన్ని.

వాళ్లు అక్కడి పాత ఊరివాళ్లు. పొలాలు ప్లాట్లయ్యాక వాళ్ల చుట్టాలు దుకాణాలు పెట్టుకుంటే, పెదనాన్నగారు లారీ కొన్నారట. డ్రైవర్ని పెట్టకుండా తానే నడిపారు. వనస్థలిపురం దాకా కొత్త కాలనీలకి రాయీ ఇసుకా తోలారు. మేము ఆ ఇంట్లో దిగడానికి కొన్నాళ్ల ముందే ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి కాలు ఈడ్చుకుంటూ నడిచేవారు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉండేది. మాట ముద్దగా వచ్చేది, అది పెద్దమ్మకి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. లారీని తన దగ్గర క్లీనరుగా చేసినతనికే అమ్మేశారు. పగలంతా వరండాలో మంచం మీద గోడకానుకుని, రోడ్డు మీద పోయే బండ్లు చూస్తూ కూర్చునేవారు.

దవాఖానలో డాక్టరు, వేళ్లకి ఏదో ఒక పని చెబుతూ ఉండమన్నాడు. పెద్దమ్మ పళ్లెంలో చింతగింజలు పోసి ఏరమని ముందు పెట్టేది. ఆయన ఎడమచేత్తో పళ్లెం అవతలికి నెట్టేసేవారు. ఆవిడ గింజలన్నీ ఏరుకుంటూ నాతో అనేది: "లారీ తోలిన మనిషి బిడ్డా. చింతగింజలు ఏరుమంటే ఏరుతడా?"

ఆ ఇంట్లో మెట్ల కింద ఒక పాత బకెట్టు ఉండేది. దాన్నిండా ప్లాస్టిక్ ఇటుకలు. పైన బుడిపెలు, కింద బోలు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే పట్టుకుంటాయి. పెద్దమ్మ తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చినవి. ఆవిడ మనవలు, కొడుకు పిల్లలు, నల్గొండ నుంచి సెలవులకి వచ్చి, కొన్నాళ్లు ఆడి, విసుగుపుట్టి వదిలేసి వెళ్లారు. ఒక ఇటుక ఊగే స్టూలు కాలి కిందికి చేరింది, మిగతావి బకెట్లోకి. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ, మనవలు మళ్లీ ఎప్పుడైనా వస్తారేమో, వీటిని కాస్త కడిగి పెట్టమని నాకు చెప్పింది. కడిగి, వరండాలో దుప్పటి పరిచి ఆరబోశాను. ఎర్రవి, తెల్లవి, పసుపువి. ఎండకి అవి మెరుస్తుంటే చెయ్యి ఊరుకోలేదు. చిన్నప్పుడు మా ఊళ్లో అగ్గిపెట్టెలతో బండ్లు చేసేదాన్ని. ఒకటొకటే నొక్కుతూ పోయాను. కాసేపటికి ఒక లారీ తయారైంది.

పెదనాన్నగారు మంచం మీంచి చూస్తున్నారు. ఎడమ చెయ్యి చాచారు. సంతోషించి అందించాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, ముందు భాగం పట్టుకుని పీకేశారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పెద్దమ్మ లోపల్నుంచి వచ్చి, ఆడపిల్ల సరదాపడి చేసుకుంటే పాడు చేశావేమని ఆయన్ని కోప్పడింది. ఆయన ఏదో చెప్పబోయి, మాట రాక, తల విదిలించి ఊరుకున్నారు.

మర్నాడు మళ్లీ చేశాను. మళ్లీ ముందు భాగమే పీకారు. కానీ ఈసారి పీకిన ముక్కని పారెయ్యలేదు. లారీ ముందు, కాస్త దూరంగా మంచం మీద పెట్టి, తన ముక్కు మీద వేలు పెట్టుకుని నా వంక చూశారు. నాకు అర్థం కాలేదు. పెద్దమ్మ కాసేపు చూసి నవ్వేసింది.

"ఆయన బండికి ముక్కున్నది బిడ్డా. ఇంజను బయటికి పొడుసుకొచ్చి ఉంటది. నువ్వు చేసిందేమో చదునుగున్నది."

అప్పటి పాత లారీలకి క్యాబిన్ ముందు పొడుగాటి బానెట్ ఉండేది. రోజూ రోడ్డు మీద చూస్తూనే ఉన్నాను, కానీ చూడలేదన్నమాట. ఆయన పాడు చెయ్యలేదు, దిద్దారు. అక్కణ్ణుంచి అది మా ఇద్దరి పనైంది.

పని అనుకున్నంత తేలిక కాదు. ఇటుకలన్నీ చదరంగా ఉంటాయి, ముక్కేమో ముందుకి సన్నబడుతూ వాలాలి. ఒక్కో వరసా ఒక బుడిపె వెనక్కి జరుపుతూ మెట్లుమెట్లుగా కడితే, దూరం నుంచి వాలుగా కనిపించింది. ఇక లారీ ఒళ్లు పొడుగు. ఎత్తితే చాలు నడుం దగ్గర విరిగిపోయేది. మా పక్క ప్లాటులో మేస్త్రీలు గోడ కడుతుండేవారు. మేడ మీద బట్టలారేస్తూ చూశాను. కింది రెండు ఇటుకల అతుకు మీదికి పై ఇటుక నడుం వచ్చేలా పెడుతున్నారు. అతుకు మీద అతుకు రానివ్వడం లేదు. కిందికొచ్చి లారీ అడుగు మొత్తం విప్పి అలాగే కట్టాను. ఆ తర్వాత ఎత్తితే విరగలేదు. బకెట్లో ఉన్న చక్రాలు సరిపోలేదు. వెనక జంట చక్రాలు కావాలి కదా. పెదనాన్నగారి మందు సీసాల మూతలు దాచి, వాటికి సైకిలు ఊచ గుచ్చి తిప్పాను. ఆ పూట ఆయన నవ్వడం మొదటిసారి చూశాను. నోరు ఒక పక్కకే సాగింది, కానీ నవ్వే.

మా ఆయన సాయంత్రం వచ్చేసరికి నేను వరండాలో ఇటుకల మధ్య కూర్చుని ఉండేదాన్ని. ఆయనేమంటారో అని మొదట్లో బెరుకుగా ఉండేది. కానీ ఆయనే ఒకరోజు కోఠీ ఫుట్‌పాత్ మీద దొరికాయని సంచీడు ఇటుకలు తెచ్చారు. ఎంతో ఇష్టంగా తెచ్చారు. తీరా చూస్తే అవి వేరే రకం. బుడిపె ఒక వెంట్రుకవాసి సన్నం. మావాటి మీద పెడితే పట్టు లేక ఊడిపోయేవి. ఆయన ముందు బాగున్నాయనే అన్నాను. విడిగా ఒక గిన్నెలో పోసి పక్కన పెట్టాను.

ఈలోగా ఒకటి గమనించాను. నేను ఏదైనా ముక్క పెడుతుంటే పెదనాన్నగారి ఎడమ చెయ్యి బండిని పట్టుకునేది, ఒళ్లోంచి కుడి చెయ్యి కూడా దానంతటది కొంచెం లేచేది. పెద్దమ్మ కూడా చూసింది. ఏమీ అనొద్దని నాకు కళ్లతోనే చెప్పింది. మర్నాటి నుంచి ముక్కల్ని ఆయన కుడివైపు పెట్టడం మొదలుపెట్టాను. బండిని నేను పట్టుకుంటే ఆయన కుడి బొటనవేలితో నొక్కాలి. వేలు జారిపోయింది. మళ్లీ జారింది. ఇటుక ఎగిరి గచ్చు మీద పడింది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదని పెద్దమ్మ చెప్పింది.

తప్పు నాదేననిపించింది. ఆ ఇటుకలు బిగువు. నాకే వేళ్లు నొప్పి పుట్టేవి. ఆలోచిస్తుంటే గిన్నె గుర్తొచ్చింది. మా ఆయన తెచ్చిన కోఠీ ఇటుకలు! అవి వదులు, తాకితే చాలు కూర్చుంటాయి. మర్నాడు వాటినే ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు వాటివైపు చూడలేదు. నా పని నేను చేసుకుంటున్నాను. కాసేపటికి పక్కన చిన్న చప్పుడు. చూస్తే ఒక పసుపు ఇటుక మీద ఎర్ర ఇటుక. ఆయన కుడి చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

పెద్దమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. చేట ఆపింది. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది, కాకపోతే ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

వదులు వాటితో మొదలై, పోనుపోను బిగువు ఇటుకలకి వచ్చారు. మధ్యలో ఊళ్లోంచి మా అత్తగారి తరఫు బంధువొకావిడ వచ్చింది. నన్ను చూసి, పెళ్లైన పిల్ల బొమ్మలాడుకోవడమేమిటని పెద్దమ్మతో అంది. పెద్దమ్మ తొణకలేదు.

"ఆడుకుంటలేదమ్మా. మా ఆయనకు బండి తయారు చేస్తున్నది. జర చాయ్ తాగుతవా?"

ఆవిడ చాయ్ తాగింది, ఆ మాట ఇంక ఎత్తలేదు.

లారీ దాదాపు పూర్తయ్యాక క్యాబిన్ లోపలి సంగతి వచ్చింది. స్టీరింగు ఎంత ఎత్తులో ఉండాలి, గేరు కర్ర ఎక్కడ, నాకు తెలియదు. పెదనాన్నగారు చేత్తో చూపిస్తే సగమే అర్థమయ్యేది. పెద్దమ్మ లారీ కొన్న ఆ పాత క్లీనరుకి కబురు పంపింది. ఒక ఆదివారం అతను లారీని మా సందులోకే తెచ్చి, ఇంటి ముందు ఆపాడు. ఇసుక దించి నేరుగా వచ్చాడు, బండి అంతా దుమ్ము.

దిగి, పెదనాన్నగారి కాళ్లకి దండం పెట్టాడు. "ఎక్కుతవా మామా?" అన్నాడు.

పెద్దమ్మ వద్దంటుందనుకున్నాను. ఆవిడ చెంగు నడుముకి బిగించి, ఆయన ఎడమ రెక్క పట్టుకుంది. క్లీనరు, మా ఆయన కలిసి ఎత్తి, డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. ఆయన స్టీరింగు మీద ముందు ఎడమ చెయ్యి వేశారు. తర్వాత, ఎవరి సాయం లేకుండా, కుడి చెయ్యి కూడా ఎత్తి దాని మీద పెట్టారు. అలా కూర్చున్నారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఏ చెయ్యీ తియ్యలేదు.

నేను అవతలి తలుపులోంచి ఎక్కాను. లారీ ఎక్కడం అదే మొదలు. లోపల డీజిలు వాసన, చెక్క పలకల మీద అరిగిన రంగు. సీటు నుంచి స్టీరింగు ఎంత, అద్దం ఎంత అని జానతో కొలుస్తున్నాను. పెదనాన్నగారు చూసి, ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని గేరు కర్ర మీద పెట్టి, ఎటునుంచి ఎటు వెయ్యాలో ఒక్కొక్కటే చూపించారు. లారీ కదలదని మా ఇద్దరికీ తెలుసు. అయినా చివరిదాకా వేశాం.

ఆ వారంలోనే బొమ్మ లారీ పూర్తయింది. పసుపు ముక్కు, ఎర్ర క్యాబిన్, వెనక తెరిచి మూసే తలుపు. ఆయన మంచం మీద పెట్టి, ఇంకేమైనా మార్చాలా అండీ అని అడిగాను. చుట్టూ తిప్పి చూశారు. వెనక భాగంలో వేలు పెట్టి, కష్టపడి ఒక మాట అన్నారు. ఈసారి నాకే అర్థమైంది.

"లోడు."

పెద్దమ్మ నవ్వుతూ పక్క ప్లాటు కుప్పలోంచి గుప్పెడు ఇసుక తెచ్చి పోసింది. "ఖాళీ బండి ఎట్ల పోతది మరి," అంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాం. నీళ్ల ట్యాంకరు, రోడ్డు రోలరు, ట్రాలీతో ట్రాక్టరు. రోలరు ముందు చక్రం గుండ్రంగా రావడానికి పౌడరు డబ్బా తొడిగాం. పైలట్లకి శిక్షణ ఇచ్చే నాదర్‌గుల్ వైపు నుంచి చిన్న విమానాలు మా మీదుగా ఎగురుతుంటే, అదీ చేద్దామని మా ఆయన అన్నారు. పెదనాన్నగారు తల అడ్డంగా ఊపారు. నేల మీద నడిచే బండ్లే ఆయనకి బండ్లు.

కొంతకాలానికి వనస్థలిపురంలో మా సొంత ఇల్లు పూర్తయింది. సామాను ఆ లారీలోనే వెళ్లింది. పెదనాన్నగారు క్లీనరు పక్కన కూర్చుని వచ్చారు. దారి పొడుగునా, తాను రాయి తోలిన ఇళ్లని కిటికీలోంచి చూపించారట. పెద్దమ్మ మా పొయ్యి మీద పాలు పొంగించింది. మధ్యాహ్నం అందరం కింద కూర్చుని విస్తళ్లలో తిన్నాం. అంతకుముందు పెద్దమ్మే ఆయనకి చెంచాతో తినిపించేది. ఆ రోజు ఆయన కుడిచేత్తో పప్పూ అన్నం కలుపుకున్నారు. సగం అన్నం విస్తరి బయట పడింది. పెద్దమ్మ పడిన మెతుకులు తీసేసి, ఇంకాస్త నెయ్యి వేసింది.

ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు ఉన్నారు. మాట కూడా కొంత తేరుకుంది, లారీ మాత్రం మళ్లీ నడపలేదు. నేను ఇప్పటికీ బండ్లు చేస్తాను. ఇప్పుడు ఏ రంగు కావాలంటే ఆ రంగు, ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం ఇటుకలు దొరుకుతున్నాయి. వాలుకి వాలు ముక్కలే ఉన్నాయి. మా వీధి పిల్లలు, పెద్దవాళ్లు కూడా, తమ ఆటో, తమ పాలవ్యాను చేసిపెట్టమని అడుగుతారు. ముందు బండి తెచ్చి మా ఇంటి ముందు ఆపమంటాను. చుట్టూ తిరిగి, లోపల కూర్చుని, ఎక్కడ ఏముందో చూసిన తర్వాతే మొదలుపెడతాను. అది ఆయన దగ్గర నేర్చుకున్నది. కొత్త ఊళ్లో, ఎవరూ లేని పగటిపూటల్లో, నాకు ఒక పనీ, ఆ పని పక్కన కూర్చోడానికి ఇద్దరు మనుషులూ దొరికారు. వాళ్లు నన్ను అద్దెకున్నవాళ్లలా ఒక్కరోజూ చూడలేదు. పెద్దమ్మ చనిపోయే ముందు చూడ్డానికి వెళ్తే, మంచం మీంచే నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "అన్నం తిన్నవా బిడ్డా" అని అడిగింది. తినలేదన్నాను. కోడల్ని పిలిచి నాకు అక్కడే పళ్లెం పెట్టించి, తినేదాకా చూస్తూ పడుకుంది.