సంగటి గెలికి చూడని స్టవ్వు

మీ ఇంట్లో గ్యాస్ స్టవ్వును ఎంచుకున్నది ఎవరు? డబ్బు ఎవరిచ్చారని అడగడం లేదు. అంగట్లో నాలుగు స్టవ్వులు వరసగా పెట్టి ఉన్నప్పుడు, "ఇది కావాలి" అని వేలు చూపించిన మనిషి ఎవరు? రోజూ ఆ మంట ముందు నిలబడే మనిషేనా?

మా ఇంట్లో ఆ వేలు నాది. ఈ సంగతి రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేము గోరంట్లలో ఉండేవాళ్ళం. నేను బడిపంతులును. ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మ. ముగ్గురమే అయినా మా పొయ్యి ముగ్గురి కోసమే వెలిగేది కాదు. ప్రతి ఆదివారం మా ముందుగదిలో చర్చ జరిగేది. చిలమత్తూరు నుంచి, కదిరి వైపు నుంచి, ఒక్కోసారి మడకశిర నుంచి కూడా పది పదిహేనుమంది వచ్చేవాళ్ళు. వాన కోసం గాడిదలకు పెళ్ళి చేయడం గురించి, ముహూర్తాల గురించి, చేతబడి భయాల గురించి, ఆడవాళ్ళ సమానత్వం గురించి గొంతు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్ళం. మధ్యాహ్నానికి అందరికీ రాగి సంగటి, చెనక్కాయల చట్నీ, ఆకుకూర పప్పు. సమానత్వం ముందుగదిలో, సంగటి వంటింట్లో. మధ్యలో ఒక తలుపు. గిన్నెల చప్పుడుకు మాటలు వినబడటం లేదని దాన్ని మేమే మూసుకునేవాళ్ళం.

సంగటి చేసే పద్ధతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. నూకలు ఉడికాక రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, మూరెడు పొడుగు కట్టెతో గెలకాలి. గెలకడమంటే గరిటెతో కలపడం కాదు. భుజం బలమంతా కట్టెలోకి దించి, ఉండలు లేకుండా అడుగుదాకా తిప్పాలి. కట్టెల పొయ్యి రోజుల్లో గిన్నెను నేలమీదికి దించి, గుడ్డ అడ్డం పెట్టుకుని రెండు పాదాలతో ఒత్తిపట్టి గెలికేవాళ్ళు. తర్వాత గ్యాసు వచ్చింది, దానికోసం నడుమెత్తు గట్టు వచ్చింది. పదిహేనుమంది సంగటి ఉన్న గిన్నెను గట్టు మీదనుంచి నేలకు దించడం ఒక్క మనిషి వల్ల కాదు. అందుకని మా వైపు ఆడవాళ్ళు స్టవ్వు మీదే గెలకడం మొదలుపెట్టారు. స్టవ్వులు తయారు చేసేవాడెవడూ ఈ పనిని ఊహించి ఉండడు. ఊహించవలసిన నేను కూడా ఊహించలేదు.

మా పాత స్టవ్వు గ్యాస్ కనెక్షన్‌తో పాటు వచ్చినది. మా బోరు నీళ్ళు బిందె అడుగున తెల్లగా గట్టిపడే ఉప్పునీళ్ళు. గిన్నె పొంగిన ప్రతిసారీ ఆ నీళ్ళు రేకును కొంచెం కొంచెంగా తిన్నాయి. ఒక కాలు తుప్పుపట్టి సన్నబడింది.

"ఏమప్పా, స్టవ్వు కాలు ఊగుతాండాది. ఒకతూరి సూడు," అంది నా భార్య.

నేను చూశాను. అట్టముక్క మడిచి ఆ కాలి కింద పెట్టాను. వచ్చే వారం చర్చకు కాగితాలు సిద్ధం చేసుకునే పనిలో ఉన్నాను మరి.

ఆ ఆదివారం మాట్లాడుతున్నది నేనే. పరీక్షించి చూడనిదాన్ని నమ్మకూడదని చెబుతున్నాను. లోపల ఇనుము గీరుకున్న చప్పుడైంది. వెంటనే గిన్నె దొర్లిన చప్పుడు. తలుపు తీసేసరికి, కాలు విరిగిన స్టవ్వు ఒక పక్కకు ఒరిగి ఉంది. సంగటి నా భార్య ఎడమ ముంజేతికి అంటుకుని పొగలు కక్కుతోంది. వేడినీళ్ళయితే జారిపోతాయి. సంగటి జారదు. రబ్బరు పైపు స్టవ్వు మూతి నుంచి ఊడి వేలాడుతోంది. గదంతా గ్యాసు వాసన. ఆమె కాలిన చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని, వంగి, రెండో చేత్తో సిలిండరు మీట తిప్పి కట్టేస్తోంది.

"కిటికీ తెరువు. లైటు ముట్టొద్దు," అంది.

పదిహేనుమంది హేతువాదులం తలుపు దగ్గర ఇరుక్కుని నిలబడ్డాం. గెలికే ముందు మంట ఆర్పేయడం ఆమె అలవాటు. ఆ రోజు ఇల్లు నిలబడింది ఆ అలవాటు వల్ల. మా ఉపన్యాసాల వల్ల కాదు.

ఆనాటి నుంచి నా ముక్కు నా మాట వినలేదు. బడిలో బోర్డు మీద లెక్క రాస్తుంటే గ్యాసు వాసన వచ్చేది. బస్సులో వచ్చేది. చెనక్కాయ చేలగట్టు మీద, చుట్టూ మైలు దూరంలో ఒక్క ఇల్లు లేనిచోట కూడా వచ్చేది. మధ్యాహ్నం విరామంలో సైకిలెక్కి ఇంటికి వచ్చి, పైపుకు సబ్బు నురుగు పూసి, బుడగలు లేస్తాయేమోనని ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. ఉన్న స్టవ్వుకు ఇటుకముక్క ఆసరా పెట్టి, కట్టు కట్టిన చేత్తోనే ఆమె వంట చేస్తోంది. అన్నం, పప్పు మాత్రమే. సంగటి మానేశాం.

"ఇంగ ఎన్నిసార్లు పూస్తావప్పా సబ్బు? ఆ పైపు నీకంటే ఎక్కువ స్నానాలు చేస్తాండాది," అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

గట్టి స్టవ్వు కొనాలని తీర్మానించాను. హిందూపురం ఒంటరిగా పోయాను. కాలిన చేత్తో బస్సు రద్దీలో ఆమెకు కష్టమని చెప్పాను. అసలు సంగతి వేరు. ఇది ఆలోచించి తేల్చవలసిన విషయమని, ఆలోచన నా పని అని అనుకున్నాను.

అంగడాయన స్టీలు స్టవ్వు ఒకటి తీసి గుడ్డతో తుడిచాడు.

"సూడండి సార్, అద్దం మాదిరి ఉండాది. మీసం దువ్వుకోవచ్చు."

"మీసం దువ్వుకునేదానికి రాల్యా అన్నా. ఎన్నేండ్లు వస్తాది?"

"మీ మనవడు దీని మీద చాయ్ కాసుకుంటాడు."

"నాకింకా కొడుకే ల్యా."

"ఇంగా మంచిది సార్. తొందర ల్యాకుండా వాడుకోండి!"

గంటసేపు అడ్డుప్రశ్నలు వేశాను. తుప్పు పడుతుందా? బర్నర్ ఇత్తడిదేనా? నాణ్యత ముద్ర ఉందా? అన్నీ సరైన ప్రశ్నలే. చివర స్టవ్వును ఒంటిచేత్తో ఎత్తి చూసి, తేలికగా ఉందని సంతోషించాను. తేలికగా ఉందని సంతోషించాను! ఈ వాక్యాన్ని రెండుసార్లు రాయడం నాకు నేను వేసుకున్న శిక్ష.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పసుపు గిన్నెతో సిద్ధంగా ఉంది.

"కొత్త పొయ్యి నాయనా. ముందు పాలు పొంగియ్యల్ల."

"అమ్మా, పొంగిన పాలు బర్నర్ బొక్కల్లోకి పోతాయి. మంట ఆరిపోయి గ్యాసు వస్తాది. మొన్న జరిగింది సాలదా?"

"మొన్నటి పొయ్యికి నువ్వు పాలు పొంగియ్యనియ్యల్యా. ఏమైందో సూస్తివి గదా!"

ఈ వాదనకు నా దగ్గర పది జవాబులున్నాయి. పదీ చెప్పడం మొదలుపెట్టాను. ఏడో జవాబు దగ్గర ఉండగా పాలు పొంగాయి. మంట బుస్సుమని సగం ఆరింది. నేను పరుగెత్తి సిలిండరు కట్టేశాను. మళ్ళీ వెలిగిస్తే ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు. నాకు కావలసింది దొరికింది. మూడు రోజులు ఇంట్లో నా ఉపన్యాసమే: మూఢాచారం కొత్త వస్తువును మొదటి రోజే ఎలా పాడు చేసిందో చూడండి! అమ్మ బుగ్గన వక్క పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కొత్త స్టవ్వు మీద మా భయానికంతటికీ కారణం ఆ పాలేనని నేను నిజంగానే నమ్మాను.

నాలుగో రోజు నా భార్య బర్నర్‌ను తీసి వేడినీళ్ళలో నానబెట్టింది. గుండుసూదితో ఒక్కొక్క రంధ్రం పొడిచి, ఆరబెట్టి, తిరిగి పెట్టి వెలిగించింది. మంట చుట్టూ నీలం.

"పాలదేముండాది, కడిగితే పోతాది. ఈడికి రా. ఈ కట్టె పట్టుకో," అంది.

"నేనా?"

"నా చెయ్యి ఇంగా మానల్యా. ఈ పొద్దు నువ్వు గెలుకు."

గిన్నెలో ముగ్గురికి సరిపడే సంగటి. ఆమె మంట ఆర్పింది. నేను కట్టె దించి తిప్పాను. స్టవ్వు వేలెడు జరిగింది. ఇంకోసారి తిప్పాను. ఇంకో వేలెడు. సన్నటి కమ్మీలు గిన్నె కింద ఒంగాయి. వెనక రబ్బరు పైపు బిగుసుకుని తాడులా నిక్కింది. నా చేతులు ఆగిపోయాయి. ఆమె మంచి చేత్తో స్టవ్వు అంచును అదిమిపట్టి, గిన్నె వైపు కాకుండా పైపు వైపు చూస్తోంది. ఆ చూపు ఆమెకు ఎంత అలవాటో అప్పుడు చూశాను.

"సూస్తివా? నేను మూడేండ్లుగా ఇదే చేస్తాండా. ఒక చెయ్యి కట్టె మీద, ఒక చెయ్యి స్టవ్వు మీద, కండ్లు పైపు మీద."

"ముందే చెప్పుండొచ్చు గదా!"

"చెప్తి. అట్టముక్క పెడితివి."

అమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగి, "పాలు ఏం చేసినాయి నాయనా?" అంది. పరీక్షించకుండా నమ్మొద్దని ఊరంతా చెప్పినవాణ్ణి, సంగటి గిన్నె పెట్టి చూడకుండా స్టవ్వు కొన్నాను. నా తప్పును మోయడానికి అమ్మ పొంగించిన పాలు దొరికాయి. తన తప్పుకు కారణం పక్కింటి దిష్టి అనేవాడికీ నాకూ తేడా ఎక్కడుంది?

మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. కొత్త స్టవ్వు నా ఒళ్ళో. సంగటి గిన్నె, కట్టె, రాగిపిండి మూట ఆమె ఒళ్ళో. కండక్టరు టికెట్టు చించుతూ, "ఏమక్కా, బస్సులోనే సంగటి చేస్తాండావా? నాకూ ఒక ముద్ద పెట్టు," అన్నాడు.

"నీ బస్సు వేడికి హిందూపురం పోయేలోపల అదే ఉడుకుతాది లేన్నా," అంది.

అంగట్లో ఆమె చెంబు నీళ్ళడిగి, గిన్నెలో రాగిపిండి గట్టిగా కలిపింది. అంగడాయన నోరు తెరిచాడు.

"ఏందమ్మా ఇది? అంగడనుకుంటివా, వంటిల్లనుకుంటివా?"

"వంటింట్లో కాల్చుకున్యా. అందుకే అంగట్లో సూసుకుంటాండా."

మొదట గాజు పలక ఉన్న స్టవ్వు మీద గిన్నె పెట్టి కట్టె ఎత్తింది. అంగడాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా, వద్దు! పగిలిపోతాది!"

"నీకే నమ్మకం ల్యా. నాకెట్ల అమ్ముతావు?"

చుట్టూ చేరిన నలుగురు నవ్వారు. రెండోది నేను కొన్నదానిలాగే జరిగింది. మూడోదాని మీద గిన్నె అడుగు ఆనడమే లేదు. చివరికి మూల నుంచి దుమ్ముపట్టిన ఒకటి బయటికి వచ్చింది. అందం లేదు. బరువు. గిన్నె ఆనేచోట లావుపాటి పోత ఇనుము, వెడల్పు కాళ్ళు, కాళ్ళకు మందపాటి రబ్బరు. ఆమె గెలికింది. స్టవ్వు కదలలేదు. ఒంగి వెనక చూసింది. పైపు తగిలించే మూతి గట్టిగా ఉంది. బర్నర్లు ఎత్తి చూసింది, కడగడానికి వీలుగా చేత్తోనే ఊడివచ్చాయి.

"ఇది చెడితే యాడ బాగు చేస్తారు?"

"ఈడనే, హిందూపురంలోనే చేస్తారమ్మా."

"ఏ వీధి?"

నేను గంటసేపు అడిగినవాటిలో ఈ ప్రశ్న లేదు. అంగడాయన వీధి చెప్పాడు. మేము పోయి ఆ బాగుచేసే మనిషిని చూసి వచ్చాం. తర్వాత నేను తెచ్చిన స్టవ్వును తిరిగి తీసుకోనని అంగడాయన మొండికేస్తే, "అట్లైతే సాయంత్రం దాకా ఈడనే దీని మీద గెలుకుతాంటా. వచ్చినోళ్ళందరూ సూసిపోతారు," అని గిన్నె దగ్గరికి లాక్కుంది. తీసుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ పాలగిన్నె తెచ్చింది. నేను పక్కకు జరిగాను.

"అత్తా, పొంగితే తుడిచేది నేనే. అంచుదాకా రానీ, సాలు," అంది నా భార్య.

అమ్మ గిన్నె స్టవ్వు మీద పెడుతూ, "అంచుదాకా వస్తే పొంగినట్లే లే," అంది. నా పది జవాబులు సాధించలేనిది అలా అయిపోయింది.

తర్వాతి ఆదివారం నుంచి మధ్య తలుపు మూయలేదు. వచ్చినవాళ్ళలో ఇద్దరు గిన్నె దించాలి, ఒకరు నేలమీద కూర్చుని, వంతుల ప్రకారం సంగటి గెలకాలి. సమానత్వం గురించి అందరికంటే గట్టిగా మాట్లాడే ఆయనది మొదటి వంతు. ఉండలు ఉండలుగా తిన్నాం. ఎవరూ వంక పెట్టలేదు.

ఆ స్టవ్వు మా ఇంట్లో ఇంకా వెలుగుతోంది. పైపులు ఎన్నిసార్లు మార్చామో గుర్తులేదు, స్టవ్వు మార్చలేదు. ఆమె ముంజేతి మీద మచ్చ కూడా మారలేదు. ఇప్పటికీ తలుపు తీయగానే ముందు వాసన చూస్తాను, తర్వాతే చెప్పులు విడుస్తాను. భయం పోలేదు. పోవాలని కూడా అనుకోవడం లేదు. అది ఉన్నంతకాలం నేను అట్టముక్క మడవను.

మీరు కూడా మడవకండి. ఈ పుస్తకం పక్కన పెట్టి వంటింట్లోకి పోండి. మంట ఆర్పి, సిలిండరు కట్టేసి, మీ ఇంట్లో అన్నిటికంటే పెద్ద గిన్నెను నీళ్ళతో నింపి స్టవ్వు మీద పెట్టండి. కట్టె పట్టుకుని భుజం బలంతో మీరే గెలకండి. స్టవ్వు వేలెడు జరిగినా, పైపు ఒక్కసారి బిగుసుకున్నా, వంట చేసే మనిషితో, ఆమె గిన్నెతో కలిసి రేపే అంగడికి పోండి. అక్కడ మీ వేలు జేబులో పెట్టుకోండి. ఆమెను చూపించనివ్వండి. లేవండి.