ఒండ్రు నేలలో వేసిన గుడారం

మా బామ్మర్ది మీద నాకు మొదట కడుపు మండింది జొన్నరొట్టె దగ్గర. ఇద్దరు పిల్లల తండ్రిని, పదకొండేళ్లుగా బహ్రెయిన్‌లో ఒకే ఇంట్లో డ్రైవరుగా ఉన్నవాణ్ణి, రొట్టె కోసం కుళ్లుకోవడమేమిటని ఎవరైనా అడగొచ్చు. కానీ మండింది. ఇప్పుడు దాచి ఏం లాభం?

ఆ ఇల్లు బుదైయాలో, ఖర్జూరపు తోటల పక్కన ఉంటుంది. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, ఆయన భార్య, నలుగురు పిల్లలు, ఆయన తల్లి ఉంటారు. చలికాలం రాగానే ఇక్కడి కుటుంబాలు చాలావరకు ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. ద్వీపం నడుమ నేల పెద్ద పళ్లెంలా కుంగి ఉంటుంది. ఆ పళ్లెం అంచుల్లో రాతి గోడలు, ఎప్పటివో వానలు ఆ గోడలను కోసుకుంటూ పోతే ఏర్పడిన ఇరుకు లోయలు. మావాళ్లు గురువారం మధ్యాహ్నం అక్కడికి వస్తారు, శనివారం సాయంత్రం ఇంటికి పోతారు. మిగతా రోజుల్లో క్యాంపు దగ్గర ఒక మనిషి ఉండాలి. జనరేటరు, నీళ్ల ట్యాంకు చూసుకోవాలి, తివాచీల మీద ఇసుక ఊడ్వాలి, ఒంటెలు గుడారపు తాళ్లలో చిక్కుకోకుండా అదిలించాలి. ఆరు చలికాలాలు ఆ మనిషిని నేనే.

ఆ మూడు నెలల కోసం నేను మిగతా తొమ్మిది నెలలు బతికేవాణ్ణి. బుదైయాలో నా గది కార్ల షెడ్డు వెనక ఉంటుంది. కిటికీ తెరిస్తే ఏసీ డబ్బా కనిపిస్తుంది. ఎడారిలో అయితే పొద్దున్నే లేచి గుట్టెక్కి నిలబడితే కంటికి అడ్డమొచ్చేది ఏదీ ఉండదు. కానీ నేను దాని కోసం పడి చచ్చింది ఆ గాలికీ వెలుతురుకీ కాదు. ఇంటి పెద్దావిడ, అంటే కఫీల్ తల్లి, నన్ను అడిగేది, అందుకు. ఈరోజు గాలి ఎటు తిరుగుతుంది, కుర్చీ ఎక్కడ వెయ్యమంటావు, పిల్లల్ని ఆ లోయలోకి పంపొచ్చా అని. నేను పంచాంగం చూసేవాడిలా ఆకాశం కేసి కాసేపు చూసి జవాబు చెప్పేవాణ్ణి. సగం ఊహే. అయినా ఆవిడ తలూపి, కుర్చీని నేను చెప్పిన చోటే వేయించుకునేది. ఏడాది పొడుగునా "యల్లా, బండి తియ్యి" అనిపించుకునే మనిషికి అదెంత రుచిగా ఉంటుందో అనుభవిస్తేగాని తెలియదు.

రెండేళ్ల కిందట తోటపనికి ఇంకొకరు కావాలని కఫీల్ అంటే, నేనే నా భార్య తమ్ముడి పేరు చెప్పి వీసా తెప్పించాను. జగిత్యాల దిక్కు మాది. వాడు పొలం పని వదిలి ఎప్పుడూ బయటికి పోయినవాడు కాదు. వచ్చిన మొదటి చలికాలం క్యాంపులో నాకు తోడుగా ఉన్నాడు. ఒక శుక్రవారం పొద్దున నిప్పుల మీద పెనం పెట్టి, మా ఇద్దరి కోసం జొన్నపిండి కలిపి అరచేత్తో రొట్టె కొడుతున్నాడు. ఆ చప్పుడుకు పెద్దావిడ కర్ర పట్టుకుని వచ్చి, వాడికి ఎదురుగా కూర్చుంది. వాడి చేతి కింద రొట్టె గుండ్రంగా తిరుగుతూ పెద్దదవుతుంటే కళ్లార్పకుండా చూసింది. వేడివేడిగా ఒకటి తిని, ఇంకొకటి అడిగింది. నేను చాయ పట్టుకుని నిలబడ్డాను. చాయ చల్లారిపోయింది. ఆవిడకు దాని మాటే గుర్తు లేదు.

తర్వాత నేను బుదైయాలో దొంగచాటుగా నేర్చుకోబోయాను. నా రొట్టె అంచులన్నీ పగిలి, ఎత్తితే చేతిలో ముక్కలైంది. పిండి మంచిది కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

నిరుడు చలికాలం మొదట్లో కఫీల్ నన్ను పిలిచి, ఈసారి నువ్వు ఇంట్లోనే ఉండు, పిల్లల బడులు చూసుకో, క్యాంపు చిన్నవాడు చూసుకుంటాడు, అమ్మ వాణ్ణే ఉంచమంది అన్నాడు. సరే బాబా అన్నాను. ముఖం మామూలుగానే పెట్టుకున్నాననుకుంటాను. గదిలోకి పోయి తలుపు వేసుకుని, వాడికి వీసా తెప్పించిన నా నోటిని నేనే తిట్టుకున్నాను.

గుడారాలు వేయడానికి ఇద్దరం పోయాం. అంతకుముందు ఏటా నేను వేసే చోటు ఎత్తు మీద, రాళ్ల నేల. మేకు దిగదు, వంగుతుంది, ఒక్కొక్క మేకుకు అరగంట చెమటోడ్చాలి. ఎదురుగాలి కూడా కొడుతుంది. వాడు రెండు మేకులు వంచుకుని, విసుగొచ్చి, కింద రాతి గోడ చాటుకు దిగాడు. అక్కడ లోయ వెడల్పై, నేల చదునుగా, మెత్తగా ఉంది. చుట్టూ పచ్చటి పొదలు. వాడు మన్ను గుప్పెట్లోకి తీసుకుని నలిపి చూశాడు. రైతు కదా, వాడి మొహం వెలిగిపోయింది.

"గిది మన వాగొడ్డు ఒండ్రు లెక్కనే ఉంది బావ. సూడు, మేకు ఒక్క దెబ్బకు దిగింది. గాలి గూడ లేదు."

నాకు ఆ చోటు తెలుసు. నా మొదటి చలికాలం నేనూ అక్కడే వెయ్యబోతే, పక్క క్యాంపు కాపలా చూసే బలూచీ ముసలాయన వచ్చి చెయ్యి పట్టుకుని చూపించాడు. ఎండి అప్పడాల్లా లేచిన మట్టి పెచ్చులు, మోకాలెత్తున పొదలకు చిక్కుకున్న ఎండుపుల్లలు. భాయ్, వానొస్తే చుట్టుపక్కల రాళ్ల మీది నీళ్లన్నీ ఇక్కడికే వస్తాయి అన్నాడు. నేనెవరో కూడా ఆయనకు తెలియదు. అడక్కుండానే చెప్పి, వెళ్లిపోయాడు.

"దుబాయిల వానెక్కడిది గని," అంటూ, గల్ఫ్ అంతటినీ దుబాయే అనే మా ఊరివాళ్లలాగే, మా బామ్మర్ది తనలో తనే నవ్వుకుని, నా వైపు చూశాడు. "నువ్వేమంటవ్ బావ? ఈడ ఎయ్యాల్నా?"

పొదలకు చిక్కుకున్న పుల్లలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే వాడు పెద్దావిడ కుర్చీని దింపి, ఆవిడ మోకాళ్లకు ఇక్కడైతే చలిగాలి తగలదని గోడ వారగా వేస్తున్నాడు. నన్నడగలేదు. వాడికే తోచింది.

"క్యాంపు నీకిచ్చిన్రు," అన్నాను. "నీ ఇష్టం."

వాడు దాన్ని గౌరవమనుకున్నాడు. సంబరంగా మిగతా మేకులు కూడా కొట్టేశాడు. నేను తాళ్లు బిగించి ఇచ్చాను. మంచి ముళ్లే వేశాను, అందులో ఏ లోపమూ చెయ్యలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ ముళ్లనే తలుచుకుంటూ, నేనేం ద్రోహం చేశాను, సాయమే చేశాను కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

గురువారం కుటుంబాన్ని తీసుకుపోయాను. పెద్దావిడ కుర్చీలో కూర్చుని, ఇన్నేళ్లలో ఇంత వెచ్చటి చోటు దొరకలేదు అంది. ఆరేళ్లు ఆ ఎత్తు మీద మేకులతో కుస్తీ పట్టినవాణ్ణి నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒకవేళ అప్పటికి చెబుదామని ఏ మూలనైనా ఉంటే, ఆ మాటతో అది కూడా పోయింది.

ఆ తర్వాత ప్రతి వారమూ ఇదే. వాళ్లను దింపి, సామాన్ దించి, నేను బండి దగ్గర నిలబడతాను. అక్కడ నా పని అయిపోయింది. పెద్దావిడ గాలి గురించి వాణ్ణడుగుతుంది, పొయ్యి గురించి వాణ్ణడుగుతుంది. వాడికి అరబ్బీ సరిగా రాదు, చేతులూపి చెబుతాడు, ఆవిడ నవ్వుతుంది. ఇంటికి ఫోన్ చేస్తే అక్కడా అంతే. నా భార్య మొదటి మాట, "తమ్ముడు తిన్నడా? గా సలిల ఒక్కడే ఎట్లుంటుండో." నేను తిన్నానా లేదా అన్నది ఆఖర్న, ఫోన్ పెట్టేసే ముందు. వాడు మంచిగనే ఉన్నడు, రాజు లెక్క ఉన్నడు అని పళ్లు నూరుకుంటూ చెప్పేవాణ్ణి.

జనవరిలో ఒక గురువారం పొద్దున్నుంచే సముద్రం మీద మబ్బు కమ్మింది. నేను కార్లు కడుగుతున్నాను. పది గంటలకల్లా దక్షిణం వైపు ఆకాశం సిమెంటు రంగుకు తిరిగింది. చేతులు తుడుచుకుని ఫోన్ తీశాను. వాడి నంబరు దాకా వెళ్లాను. సామాను ఎత్తుకెక్కించమంటే చాలు, రెండు గంటల పని. అయితే ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటాడు కదా అనిపించింది. మబ్బు ఎలాగూ పోతుందిలే అనుకుని ఫోన్ జేబులో పెట్టి, తుడిచిన కారునే మళ్లీ తుడిచాను.

మధ్యాహ్నానికి కుండపోతగా కురిసింది. రోడ్ల మీద నీళ్లు నిలిచాయి. కఫీల్ కంగారుగా వచ్చి బండెక్కాడు. కర్జకాన్ ఊరు దాటి ఎడారి దారి పట్టాం.

లోయ చెరువైపోయింది. నీళ్లు మోకాళ్లు దాటి ఉన్నాయి. రాతి గోడ మీది నుంచి సన్నటి ధారలు ఇంకా కారుతున్నాయి. పరుపులు తేలుతున్నాయి, తివాచీలు బురదలో కూరుకుపోయాయి, జనరేటరు సగం మునిగింది. ఒక గుడారం పడిపోయింది, రెండోది నా ముళ్ల వల్ల నిలబడి ఉంది. వాడు తడిసి ముద్దై, గుడారంలో అడ్డం కట్టే, పెద్దావిడ తల్లి చేత్తో నేసిన పాత ఉన్ని తెరను నెత్తిన పెట్టుకుని, గుట్ట మీదికి ఎక్కుతున్నాడు. అంత సామానులో వాడు ముందు కాపాడింది దాన్నే. వాడి బట్టల సంచి ఎటు కొట్టుకుపోయిందో అప్పటికి తెలియదు.

వాడు ప్రాణాలతో ఉన్నాడని నా గుండె కుదుటపడింది. ఆ తెర తడవకుండా మోసుకొస్తున్నాడని అదే క్షణంలో మళ్లీ మండింది. రెండూ నిజమే.

కఫీల్ నీళ్లలోకి చూసి, నా వైపు తిరిగాడు. ఆరేళ్లు ఇక్కడ ఉన్నావు, నీకు ఈ చోటు తెలియదా, చెప్పలేదా అన్నాడు. నేను నోరు తెరిచాను. ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు. నా నోట మాట రాకముందే, వాడు గుట్ట మీది నుంచి హిందీలో అన్నాడు.

"బావ చెప్పిండు బాబా. ఇక్కడ వద్దన్నడు. నేనే ఇనలేదు."

ఖలాస్ అన్నాడు కఫీల్. రేపటి నుంచి నువ్వు తోటపనికి, క్యాంపుకు ఈయన అని నన్ను చూపించాడు.

బురదలోంచి పరుపులు లాగుతున్నప్పుడు, కఫీల్ దూరంగా ఫోన్లో ఉన్నాడని చూసుకుని, వాణ్ణి అడిగాను.

"అట్లెందుకు చెప్పినవ్?"

"ఇంకేం చెప్పాలె బావ?" అన్నాడు పరుపు పిండుతూ. "నువ్వు జూసినవ్ గద, జూసి నా ఇష్టమన్నవ్. నువ్వే అంత మాటన్నంక మంచిగనే ఉంటదనుకున్న. నీకు గూడ ఎరుక లేదని బాబాకు చెప్తే నీ మాట పోతది. పది మందిల నీ మాట పోతే మా అక్క మాట పోయినట్టే గద."

మా దిక్కు బామ్మర్ది నలుగురిలో బావను తక్కువ చెయ్యడు. అక్క కాపురం ఉన్న ఇంటి మర్యాద అది. కాబట్టి వాడు చేసింది గొప్పేమీ కాదు, ఆనవాయితీయే అని నాకు నేను చెప్పుకోబోయాను. కానీ వాడి మొహంలో నాకు తెలిసి కూడా చెప్పలేదన్న అనుమానపు ఛాయైనా లేదు. నా స్థానంలో వాడుండి ఉంటే ఆ పొదల్లోని పుల్లలు చూసిన మరుక్షణం చెప్పేసేవాడు. అది తలుచుకుంటే, వాడికి అంత తేలిగ్గా వచ్చిన ఆ మంచితనం మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ కడుపుమంట పుట్టింది.

మరుసటి వారం ఎత్తు మీద, రాళ్ల నేలలో, మేకులు వంచుకుంటూ గుడారాలు మళ్లీ వేశాను. పెద్దావిడ వచ్చి, శాలువా బిగించుకుని, కుర్చీ ఎక్కడ వెయ్యమంటావని నన్నే అడిగింది. చూపించాను. మీ చిన్నవాడు పెద్దల మాట వినడు అంది. చాయ పోస్తూ తలూపాను.

ఆదివారం మధ్యాహ్నం క్యాంపులో ఒక్కణ్ణే ఉండగా నా భార్య ఫోన్ చేసింది. ఈసారి మొదటి మాట తమ్ముడు తిన్నాడా అని కాదు.

"ఇగో ఇను. వాడు నీ మాట ఇనలేదంట గద. ఫోన్ల ఏడ్సిండు, బావ ముందట మొఖం ఎత్తలేకపోతున్న అక్కా అని. నా మొఖం జూసన్న వాన్నేమనకు."

ఎండ హాయిగా ఉంది. కనుచూపు మేర అంతా నాదే. ఇప్పుడు చెప్పొచ్చు, వినేది నా భార్య ఒక్కతే. ఫోన్ చెవికి ఆనించుకుని, వంగిన మేకొకదాన్ని కాలితో నేలలోకి తొక్కాను. ఆవిడ రెండుసార్లు హలో అంది.

"పోనీ తియ్యి, చిన్న పోరడు," అన్నాను. "నేనేం మనసుల వెట్టుకోలే."