బాపు దవడపన్ను, సాంచ నాడె

మా బాపు చేతి నుంచి తీసిన నెత్తురును డాక్టరమ్మ గిరగిర తిరిగే మిషన్‌లో పెట్టింది. ఆగాక చూస్తే, ఎర్రటి నెత్తురు మీద పసుపుపచ్చగా జున్నుముక్కలాంటి గడ్డ. పన్ను పీకిన గుంతలో దాన్నే పెట్టి పైన కుట్టు వేసింది. బాపు నవ్వాడు. "నా నెత్తురు నాకే మందా?"

మందే కావాలి మరి. ఆయనకు షుగర్. ఇంతకుముందు పీకించిన పన్ను గుంత మానక చీము పట్టింది. మనిషి గంజి మీద బతికాడు. మళ్లీ అట్లా అయితే తట్టుకోలేడని భయపడి, సిరిసిల్ల నుంచి కోరుట్లలోని మా అత్తగారింటికి రప్పించి, జగిత్యాల తీసుకుపోయాను.

"గడ్డ కదిలితే చేసిందంతా వట్టిదే. ఉమ్మద్దు, బీడీ తాగద్దు, ఏదీ పీల్వద్దు" అంది డాక్టరమ్మ. బాపు బుద్ధిగా తలూపాడు.

మర్నాడు ఆయన్ను సిరిసిల్లలో దింపి, నేను కాళ్లు కడుక్కుని వచ్చేసరికే సాంచ దగ్గరున్నాడు. మా ఊళ్లో కరెంటు మగ్గాన్ని సాంచ అంటాం. పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం చుట్టిన కండె అయిపోయింది. కొత్త కండె పెట్టి, నాడె కంతను నోటికి ఆనించి గట్టిగా పీల్చాడు. దారం కొస బయటికొచ్చింది. వెంటే తెల్లబట్ట మీద నెత్తురు పడింది. అరచేతిలోకి ఉమ్మితే ఆ పచ్చటి గడ్డ.

"ఏంది బాపూ గిది? పీల్వద్దని చెప్పింది గదా."

"నేనేం పీల్చిన బిడ్డా? దారం ఎక్కిచ్చిన, గంతే."

అబద్ధం కాదు. ఆయనకది పీల్చడం కానే కాదు, పని. చిన్నప్పటి నుంచి రోజూ చూసిన నాకూ డాక్టరమ్మ ముందు గుర్తు రాలేదు. ఎవరిని తిట్టాలో తెలియక సాంచనే తిట్టాను.

మళ్లీ జగిత్యాల, మళ్లీ సూది, మళ్లీ కుట్టు. ఈసారి గుంత మానేదాకా నాడె ముట్టనని నా మీద ఒట్టేశాడు. కానీ సగంలో ఆగిన బట్టను చూస్తూ అన్నం కూడా ముట్టడం లేదు. నేనే నడుపుతానన్నాను. కండె అయిపోగానే నాడెను నోట్లో పెట్టుకుని పీల్చాను.

నూనె, దుమ్ము, దారం నుసి ఒక్కసారే నాలుకకు తగిలాయి. మమ్మల్ని సాకినన్నాళ్లూ బాపు మింగింది ఇదా?

మింగలేక, కక్కలేక నిలబడ్డాను. బాపు దవడ కదలకుండా మెల్లగా అన్నాడు.

"ఉమ్మెయ్ బిడ్డా. నీకు కుట్లు లేవు గదా."