షాహీన్ మెమో

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు జూన్‌ల నన్ను నల్గొండ నుంచి కొత్తకోట దిక్కు ఒక ప్రభుత్వ బాలికల జూనియర్ కాలేజీకి బదిలీ చేసిండ్రు. హోదా ఫిజికల్ డైరెక్టర్. బడిలనైతే పీఈటీ అంటరు, కాలేజీలనైతే పీడీ. ఆటలు నేర్పుడు, టీములు కట్టుడు, టోర్నమెంట్లకు పిల్లలను తోల్కపోవుడు మా పని. ఇంకో పని గూడ ఉంటది, అది ఏ ఆర్డర్‌ల రాసి ఉండదు. మంచిగ ఆడే పిల్ల ఇంటర్ పాసైతే ఏ డిగ్రీ కాలేజీల చేరాల్నో చూసుడు. గా పనిల నేను చేసిన తప్పు గురించే ఇది.

నేను పోయిన రెండో ఏటికి మా కబడ్డీ టీముల షాహీన్ అనే పిల్ల తయారైంది. లెఫ్ట్ కార్నర్. కబడ్డీల కూతకు పోయేటోళ్లనే జనం చూస్తరు, చప్పట్లు గూడ వాళ్లకే. కానీ టీము నిలబడేది కార్నర్ల మీద. కోర్టు చివర్ల నిలబడి, ఎదుటి పిల్ల బోనస్ గీత కోసం కాలు చాపంగనే మడిమ దొరకబట్టాలె. జర ముందు ఉరికితే మనమే అవుటైతం, జర ఆలస్యమైతే పాయింటు పోతది. షాహీన్‌కు తొందర లేదు. ఆమె పట్టిందంటే కూత అక్కడ్నే ఆగేది.

ఆమె బాపు ఖాజా భాయ్‌ది బెంగుళూరు హైవే పక్కన పంచర్ల దుకాణం. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు అయిపోయినయో లేదో, ఆ దుకాణం ముంగట కార్లు ఆగుడు షురువైంది. అందరికంటే గట్టిగ అడిగింది పట్నంల ఒక ప్రైవేటు కాలేజీ. ఆడేటందుకు మ్యాటు, జిమ్ము, హాస్టల్, ఫీజు మాఫీ. రెండోది పాలమూరుల ప్రభుత్వ కాలేజీ. అక్కడ మట్టి కోర్టు, ఆడే ముందుగాల పిల్లలే బకెట్లతోని నీళ్లు చల్లుకోవాలె. పట్నం నుంచి వాళ్లు మూడుసార్లు వచ్చిండ్రు. వచ్చినప్పుడల్లా ఖాజా భాయ్ సగం విప్పిన టైరు వదిలిపెట్టి చాయ్ తెప్పించేటోడు. లారీ డ్రైవర్లు తిట్టుకుంట వేరే దుకాణానికి పోయేటోళ్లు. జర మీరే ఏదన్న ఒకటి చూడుండ్రి మేడం అని నన్ను బతిమాలిండు.

ఇక్కడ మా పీడీల రివాజు ఒకటి చెప్పాలె. పిల్ల ఒరిజినల్ మార్కుల మెమో, టీసీ ఏ కాలేజీ పీడీ చేతికి పోతే ఆ పిల్ల ఖాయమైనట్టు లెక్క. మిగిలినోళ్లు మల్ల ఆ ఇంటి దిక్కు పోరు. కాయిదాల మీద లేని రూలు గనీ అందరం పాటిస్తం. షాహీన్ మెమో, టీసీ నా దగ్గరనే ఉండె. ఇంట్ల ఎలుకల బాధ ఉన్నదని, మీ బీరువాల దాచిపెట్టుండ్రి మేడం అని ఆ పిల్లనే తెచ్చి ఇచ్చింది.

పట్నం కాలేజీ పీడీ విజయ నాకు పాత దోస్తు. యూనివర్సిటీ టీముల ఇద్దరం కలిసి ఆడినం. అక్కా, పిల్ల బతుకు బాగుపడ్తది, నాది పూచీ అన్నది. నాకు గూడ అట్లనే అనిపించింది. మ్యాటు మీద ఆడే నసీబు మా పిల్లలకు ఎప్పుడొస్తది? బీరువా తీసి ఒరిజినల్స్ విజయ చేతుల పెట్టిన. షాహీన్‌ను అడగలే. చెప్పను గూడ చెప్పలే. చూసినంక ఎట్లైనా ఒప్పుకుంటది గద అనుకున్న.

వారం తర్వాత ఆమెను పట్నం తోల్కపోయిన. నేను మ్యాటు చూసిన, వంటశాల చూసిన, స్నానాల గదుల నల్లా తిప్పి నీళ్లొస్తున్నయా లేదా అని గూడ చూసిన. అన్ని మంచిగున్నయి. నేను ఇవి చూసేవరకు షాహీన్ ఒక్కతే పైకి పోయి హాస్టల్ చూసొచ్చింది.

వాపస్ బస్సు జడ్చర్ల దాటింది. అప్పుడు, "మేడం, నేను గా కాలేజీల చేర" అన్నది.

ఎందుకని అడిగితే నిమ్మలంగ చెప్పింది. హాస్టల్ గదిల సరిత అనే పిల్ల పెట్టె సదురుకుంటున్నదట. దేవరకొండ దిక్కు తండా పిల్ల, వాళ్ల టీముల లెఫ్ట్ కార్నర్. నిరుడు మోకాలు బెణికింది. ఇప్పుడు నయమైంది గనీ కొత్త కార్నర్ వస్తున్నదని మంచం ఖాళీ చెయ్యమన్నరు. ఆ కొత్త కార్నర్ తనే అని షాహీన్‌కు అక్కడ ఎరుకైంది. సరిత ఆమెను ఒక్క మాట అనలే. కిటికీ సరిగ్గ పడదు, వానొస్తే పరుపు ఇవతలికి జరుపుకో అని మాత్రం చెప్పిందట.

"ఇయ్యాల నా కోసం ఆమెను లేపిండ్రు. రేపు ఇంకెవరి కోసమో నన్ను లేపరా మేడం?"

నాకు కోపమొచ్చింది. ఆటంటే గట్లనే ఉంటది, ఆడేటోళ్లకే జాగా, ఇసొంటియి చూసుకుంట కూసుంటే ఇంట్లనే ఉండాల్సొస్తది అని కసురుకున్న. షాహీన్ తన మాట మీదనే ఉన్నది. అడ్మిషన్లకు ఇంక నాలుగు రోజులే ఉన్నయి గద, మెమో, టీసీ ఇస్తే పాలమూరు పోయి ఒకసారి అడిగొస్త అన్నది. అప్పుడు చెప్పక తప్పలే. ఆ పిల్ల నా మొఖం దిక్కు చూసి కిటికీ దిక్కు తిరిగింది. కొత్తకోటల దిగేటప్పుడు, "మీ బీరువాల పెడ్తే పదిలంగ ఉంటయనుకున్న మేడం" అన్నది. గంతే. చెంప మీద కొట్టినా అంత సిగ్గయ్యేది కాదు.

తెల్లారి మల్ల పట్నం పోయిన. విజయ మండిపడ్డది. ఇచ్చిన మాట వాపస్ తీసుకునుడు పీడీలల్ల ఎన్నడన్న ఉన్నదా, మా ప్రిన్సిపాల్‌కు నేనేం చెప్పాలె అని అడిగింది. సరిత సంగతి ఎత్తితే, "మేనేజ్‌మెంటు నాకు పద్నాలుగు మంచాలిచ్చింది అక్కా. పదిహేనోది నన్ను ఎక్కడి నుంచి తెమ్మంటవు?" అన్నది. అది గూడ అబద్ధం కాదు. మెమో, టీసీ ఇస్తా, కానీ పిల్లకు చెప్పకుండ ఇచ్చిన అని రాసియ్యి అన్నది. తెల్ల కాయిదం మీద నా పేరు, హోదా రాసి, విద్యార్థి అనుమతి లేకుండ ఒరిజినల్స్ అప్పగించిన అని దస్తకతు చేసిన. ఆ కాయిదం నెల తిరగకముందే నాలుగు జిల్లాల పీడీలకు తెలిసింది. ఆ తర్వాత మూడేండ్లు సెలక్షన్ కమిటీలకు నన్ను ఎవరూ పిలవలే.

మర్నాడు షాహీన్‌తోని పాలమూరు పోయిన. ఈసారి మెమో, టీసీ ఆమె సంచిల ఉన్నయి, నేను ఉత్తగ పక్కన నిలబడ్డ. అక్కడి పీడీ నరసింహులు సార్ కోర్టుకు సున్నం గీతలు పోయిస్తుండె. షాహీన్ అడిగింది ఒక్కటే, ఇప్పుడు మీ లెఫ్ట్ కార్నర్ ఎవరు, నేనొస్తే ఆమె ఏం జేస్తది?

సార్ గీతల కాడికెల్లి ఇటు తిరిగి, "కార్నర్ పక్కన కవర్ల ఆడిపిస్త. ఆడకపోయినా హాస్టల్‌లనే ఉంటది. హాస్టల్ సర్కారుది బిడ్డా, తీసెయ్యాలన్నా నా చేతుల లేదు" అన్నడు. అంత సాదా జవాబు ఏ పీడీ నోట్లకెల్లి నేను వినలే. షాహీన్ నవ్వి సంచి తెరిచింది.

ఆమె పోయినందుకు పాలమూరు గెలిచిందా అంటే, గెలవలే. రెండేండ్లు వరుసగా రాష్ట్ర పోటీల సెమీఫైనల్‌ల ఆ పట్నం కాలేజీ చేతులనే ఓడిపోయింది. మూడో ఏడు షాహీన్ భుజం జారి సీజనంత బయట కూసున్నది. హాస్టల్ మంచం మాత్రం ఎవరూ అడగలే. డిగ్రీ అయినంక బీపీఈడీ చేసి, ఇప్పుడు నారాయణపేట దిక్కు ఒక గురుకులంల పీఈటీగ పని చేస్తున్నది.

అప్పటి నుంచి రిటైరయ్యేదాక నేను ఏ పిల్ల ఒరిజినల్ ముట్టలే, జిరాక్సులే తీసుకున్న. కాలేజీ చూసేటందుకు పిల్లలను తోల్కపోతే మ్యాటు, జిమ్ము కంటే ముందుగాల ఆ టీముల ఆడకుండ కూసున్న పిల్లతోని మాట్లాడమన్న. మంచి ఆటగత్తెలు చానమంది సౌలత్‌లు చూసి ఎంచుకుంటరని మనం అనుకుంటం. తమ ఆట ఆగిపోయిన దినం తమను ఏం జేస్తరో వాళ్లు చూస్తరు. ఇరవై తొమ్మిదేండ్ల నౌకరీల నాకు గా సంగతి చెప్పింది ఒక పద్దెనిమిదేండ్ల పిల్ల.

పోయిన ఎండాకాలం షాహీన్ ఫోన్ చేసింది. ఆమె దగ్గర ఇంటర్ అయిపోయిన పిల్లను మూడు కాలేజీలు అడుగుతున్నయట. వాటిల్ల ఒకటి నాకు తెలిసిందే, అందుకని ఏదో చెప్పబోయిన.

"ఎటు పంపాల్నో అడుగుతలేను మేడం" అన్నది. "పిల్లనే పోయి చూసొస్తున్నది. మెమో దాని సంచిలనే ఉంది."