వెలుతురుతో రాసిన సీడీ

ప్రతి ఉదయం తిరుపతిరావు గారు ముందు సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, తర్వాత కంప్యూటర్ స్విచ్ వేసేవారు. ఆ పాత మిషన్ ఒళ్ళు విరుచుకుని లేచేలోపు టీ కాచి, మా వీధి ఊడ్చే అమలమ్మకు గ్లాసు నిండా పోసి, ఆమె తాగేదాకా చీపురు తాను పట్టుకుని నిలబడేవారు. ఉయ్యూరులో చెరకు కాటా దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. కంకిపాడులో మా పక్కిల్లే.

ఆ కంప్యూటర్‌లో ఉన్నవి ఆయన భార్య మాణిక్యమ్మ గారి పాటలు. మంగళహారతులు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు. ఆవిడకు నేర్పిన పెద్దవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఆవిడకు చూపు తగ్గుతోంది, చరణాలూ జారిపోతున్నాయి. గుర్తొచ్చినప్పుడు ఆవిడ పాడేవారు, ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసేవారు. అవి పోతే మళ్ళీ చెప్పేవాళ్ళు లేరు.

దసరా ముందు ఆ మిషన్ మొరాయించడం మొదలుపెట్టింది. పటమటలో కంప్యూటర్లు బాగుచేసే శ్రీదుర్గ వచ్చి చూసింది.

"బాబాయ్ గారూ, ఇది ఏదో ఒకరోజు అస్సలు లేవదు. అప్పుడు బయట నుంచి లేపడానికి ఒక సీడీ చేసిస్తాను. పాటలు కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేద్దాం."

"అన్నీ పూర్తికానీ అమ్మా, ఒకేసారి ఎక్కిద్దాం. ముందు ఆ సీడీ సంగతి చూడు."

ఆమె ఖాళీ సీడీని తన ల్యాప్‌టాప్‌కు తగిలించిన పెట్టెలో పెట్టింది. అది లోపల గిర్రున తిరగసాగింది. "రాస్తోందండీ" అంది.

"ఏ సిరాతో రాస్తుందమ్మా?" అన్నారాయన.

"సిరా లేదండీ. వెలుతురుతో."

మాణిక్యమ్మ గారు, "వెలుతురుతో రాయడం ఆ పైవాడికే వచ్చనుకున్నా" అన్నారు.

తర్వాత ఆ సీడీని పాత మిషన్‌లో పెట్టి, అది తన లోపలికి కాక ముందు సీడీ వైపు చూసేలా శ్రీదుర్గ ఏవో మీటలు నొక్కింది. కొత్త రంగులో తెర వెలిగింది. పాటల పేర్లన్నీ వరసగా కనిపించాయి. ఇంటాయన నిద్రలో ఉండగానే ఎవరో దీపం పట్టుకుని గదులన్నీ చూపించినట్టుంది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

ఆయుధపూజ నాడు మాణిక్యమ్మ గారు కత్తిపీటకూ, కుట్టుమిషన్‌కూ, కంప్యూటర్‌కూ బొట్టు పెట్టారు. సీడీకీ పెట్టారు. మెరిసే వైపే దాని ముఖమనుకుని, తడి పసుపు రాసి, మీద కుంకుమ అద్దారు.

కార్తీకంలో ఒక ఉదయం మిషన్ లేవలేదు. ఆయన సీడీ పెట్టారు. గరగరమని ఊరుకుంది. ఫోన్ చేస్తే శ్రీదుర్గ తిండి కూడా తినకుండా స్కూటీ మీద వచ్చేసింది. సీడీ బయటికి తీసి నిర్ఘాంతపోయింది.

"ఇదేంటి పిన్నిగారూ, దీనికి పేరంటం చేశారా?"

"పండగపూట బొట్టు లేకుండా ఎట్లా ఉంచనే?"

"అయ్యో, ఈ మెరిసే వైపే దాని కన్నండీ!"

మాణిక్యమ్మ గారు సీడీని కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూశారు. "అయితే నా పాటలు నా చేత్తోనే పోగొట్టుకున్నానా?"

"ఊరుకో మాణిక్యం. కంట్లో కుంకుమ పడితే కడుక్కోమూ?" అన్నారాయన.

నేను మెత్తని పాత నూలుగుడ్డ తెచ్చాను. శ్రీదుర్గ దాన్ని తడిపి, మధ్య నుంచి అంచుకు, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచింది. పసుపు మరక కాస్త మిగిలింది. మళ్ళీ పెట్టింది. గరగర. తెర వెలిగింది.

పాటలు ఒక్కొక్కటే పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంటే ఆయన పేర్లు చదివారు, ఆవిడ సన్నగా కూనిరాగం తీశారు. ఇంత చిన్న వస్తువులో అన్ని పెళ్ళిళ్ళు, అన్ని గడపలు ఎలా పట్టాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మాణిక్యమ్మ గారు శ్రీదుర్గకు దగ్గర కూర్చుని పెరుగన్నం పెట్టారు. తిన్నాక, ఈలోగా నేను బజారు నుంచి తెచ్చిన ఖాళీ సీడీ మీద ఆమె ఇంకోటి రాసింది.

"దీనికి బొట్టు ఎటువైపు పెట్టాలో నువ్వే చెప్పు తల్లీ."

"కవరుకి పెట్టండి పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది!"

ఆమె స్కూటీ తీస్తుంటే తిరుపతిరావు గారు గేటు దాకా వెళ్ళారు.

"అమ్మాయ్, ఒక సాయం అడగనా?"

"అడగండి బాబాయ్ గారూ."

"నేను టైపు చేసింది మాటలే. రాగం ఎక్కించడం నాకు చేతకాలేదు."

"ఫోన్‌లో రికార్డు చేద్దామండీ."

"అదీ చెయ్యి. కానీ నీకు వీలున్నప్పుడు వచ్చి, మాణిక్యం పక్కన కూర్చుని, ఒక్క పాట నేర్చుకుంటావా?"